సబ్బు మంచు

ఆ బల్ల కోసం అమ్మ రెండు నెలల ముందే
తెల్లారి ఐదింటికి లేచి ఫోను పట్టుకు కూర్చుంది.
దొరికింది మాత్రం మధ్యాహ్నం మూడుంబావుకి,
అటు భోజనానికీ కాని, ఇటు టిఫినుకీ కాని వేళ.
"క్రిస్మస్ విందు ఎప్పుడు తిన్నా క్రిస్మస్ విందే" అంది.
ఇంకెవరం నోరెత్తలేదు.

టొలీడో నుంచి రెండు రోజులు కారులో వచ్చాం.
అద్దాల ఫ్యాక్టరీలో నాన్న పనిచేసిన శనివారాలన్నీ కలిస్తే
ఈ నాలుగు రోజులయ్యాయి.
బయల్దేరే పొద్దున కూడా మోకాటిలోతు మంచు పారతో ఎత్తిపోసి
కారుని వీధిలోకి తెచ్చాడు.
ఫ్లోరిడా పొలిమేర దాటాక కోటు విప్పి
అప్పులవాణ్ణి వదిలించుకున్నట్టు
వెనక సీట్లో మా మీదికి విసిరేశాడు.

ఆ రోజు పొద్దున్నంతా క్యూలే.
పెద్ద రైలు దగ్గర కొలకర్ర పక్కన
తమ్ముడు ఎమిట్ మునివేళ్ల మీద నిలబడి దొరికిపోయాడు.
రెండు వేళ్లు తక్కువట.
అప్పట్నుంచీ ముడుచుకున్న మూతి ముడుచుకునే ఉంది.

హోటలు లోపల ప్లాస్టర్ దుంగల గోడలు,
ఏసీ చలికి నిక్కర్లలో వణికే జనం.
నాన్న మెనూ కార్డు కుడివైపు నుంచి చదువుతాడు,
ముందు అంకెలు, తర్వాతే కూరలు.
"నాకు సూపు చాలు, ఆకలి లేదు" అన్నాడు,
పొద్దున్నుంచీ ఒక్క కాఫీ మీద నడిచిన మనిషి.
అమ్మ అతని వంక చూడకుండా
అతనికీ టర్కీ పళ్లెం చెప్పేసింది.
వాళ్ల పోట్లాట అంతే. అయిపోయింది.

తెల్లనక్క వేషం వచ్చి తమ్ముడి భుజాల మీద చేతులేసింది.
వాడు దాని నోట్లోకి తొంగిచూసి
"లోపల ఎవరో అక్క ఉంది, చెమటలు కారుతున్నాయి" అని
నా చెవిలో చెప్పాడు.
ఫొటో ఇరవై నాలుగు డాలర్లు.
మా దగ్గరా ఫోనుందన్నాడు నాన్న.

అప్పుడు గంట మోగింది. దీపాలు తగ్గాయి.
పైకప్పులోంచి బుస్సుమంటూ మంచు పడింది:
సబ్బు నురగ, గ్రేవీలోకి, అమ్మ కళ్లజోడు మీదికి.
అందరూ చప్పట్లు కొడుతుంటే
నాన్న పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టి పైకి చూసి
"పార ఎక్కడ పెట్టాను?" అన్నాడు.
ఆ ప్రయాణం మొత్తంలో అమ్మ నవ్వింది అప్పుడే.

నీళ్లు పోసే ఆవిడ పేరుబిళ్ల మీద మిర్లాండ్ అనీ, కింద హైతీ అనీ ఉంది.
"నిజం మంచు కూడా ఇలాగే ఉంటుందా బాబూ?"
ఆ రోజు వాడి పొడుగు తప్ప
ఇంకేదీ ఎవరూ అడగలేదు వాణ్ణి.
ఎమిట్ ఫోర్కు కింద పెట్టాడు.
"లేదు. ఇది చప్పుడు చేస్తోంది.
నిజంది రాత్రిపూట పడితే కుక్కలు కూడా మాట్లాడవు.
పొద్దున కళ్లు తెరవకముందే తెలిసిపోతుంది.
బయటికెళ్తే ముక్కులో వెంట్రుకలు గడ్డ కడతాయి."
ఆవిడ తన ముక్కు తడుముకుంది.
"నొప్పిగా ఉంటుందా?"
"కొంచెం."

పక్క బల్లవాళ్లు పిలుస్తున్నా
జగ్గు పట్టుకుని అలాగే నిలబడింది.
"ఐదేళ్లుగా తుడుస్తున్నాను దీన్ని,
రోజుకి పదహారు సార్లు.
నాకు తెలిసిన మంచు ఇదే."

మర్నాటి టిఫినుకని అమ్మ రొట్టెలు రుమాలులో చుట్టి
సంచిలో దాస్తుంటే చూసేసింది.
ఏమీ అనకుండా లోపలికెళ్లి
అట్టపెట్టెలో ఇంకో నాలుగు, వెన్నతో తెచ్చిచ్చింది.
బిల్లులో వెతికాం. లేవు.
నాన్న టిప్పు నోట్లు లెక్కపెట్టి, ఒకటి కలిపి,
తీసి, కాసేపాగి మళ్లీ కలిపాడు.

బయట ఎండ మాడ్చేస్తోంది.
ఎమిట్ జుట్టులో నురగ ఎండి అట్టకట్టింది.
"ఆవిడకి మన మంచు కొంచెం పంపిద్దామా?"
"దార్లో కరిగిపోతుంది రా."
"కరిగితే ఏం," అన్నాడు వాడు,
"ఆవిడకి తుడవడం వచ్చు కదా."

ఎవరం నవ్వలేదు.
కారు ఏ వరసలో పెట్టామో
నాన్నకి గుర్తు రాలేదు.